పోస్టాఫీసు ఆర్డీ: ఐదేళ్లు కట్టాక నా మాట

ఆర్డీ అంటే రికరింగ్ డిపాజిట్, నెలనెలా ఒకే మొత్తం కట్టే పొదుపు ఖాతా. వడ్డీ బాగా వస్తుందని పోస్టాఫీసు ఆర్డీ కట్టాలనుకునేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. నెలకు రెండు వేల చొప్పున ఐదేళ్లు కట్టాను. 2020 అక్టోబరులో మొదలుపెడితే 2025 అక్టోబరులో చేతికొచ్చింది 1,39,393 రూపాయలు. అందులో లక్షా ఇరవై వేలు నేను కట్టినవే. ఐదేళ్లు ఆగింది ఇంతకేనా అని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. అయినా వెంటనే రెండో ఆర్డీ తెరిచాను.

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దునున్న గజపతి జిల్లా పర్లాకిమిడి. ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని. మొదట్లో జీతం పద్నాలుగు వేలు. ఖర్చులు సరిహద్దుకి రెండు వైపులా ఉంటాయి. పెట్రోలు మా ఒడిశాలో చవక కాబట్టి ఆంధ్రాలోని పాతపట్నం వాళ్లు బళ్లేసుకుని ఇటు వస్తారు. మేమేమో ఆదివారం బిర్యానీకి, కొత్త సినిమాకి అటు పోతాం. ఫోను ఈఎంఐ ఒకటి ఉండనే ఉంటుంది. ఇవన్నీ కూడా తట్టుకోవచ్చు, తట్టుకోలేనిది చేబదులు. "బావా, ఓ ఐదు వేలు సర్దు, పదో తారీఖుకి ఇచ్చేస్తాను" అని అడిగితే, ఫోన్లో బ్యాలెన్సు కనబడుతుండగా లేదని చెప్పడం నా వల్ల కాదు. ఆ పదో తారీఖు ఏ నెలదో అడిగినవాడికీ తెలీదు.

ఆర్డీ పెట్టాక "పోస్టాఫీసులో పడిపోయింది బావా, మూడేళ్ల దాకా తియ్యడానికి కుదరదు" అనడం మొదలుపెట్టాను. ఇందులో అబద్ధం లేదు. మూడేళ్లు నిండకుండా ఖాతా మూసేయనివ్వరు. నాకు సంబంధించినంతవరకు ఈ పథకంలో అన్నిటికంటే విలువైన నిబంధన ఇదే. బ్యాంకు ఆర్డీ కూడా ఓసారి కట్టాను. యాప్‌లో రెండు సార్లు నొక్కితే మూసుకుపోయేది. మూసేశాను కూడా.

వాయిదా కట్టడానికి రెండు దారులున్నాయి. మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన కింద 1972 నుంచి మహిళా ఏజెంట్లు ఉన్నారు. ఇంటికొచ్చి డబ్బు తీసుకుని, కార్డు మీద సంతకం పెట్టి, పోస్టాఫీసులో కడతారు. వాళ్లకు నాలుగు శాతం కమీషన్ వస్తుంది. అది ప్రభుత్వం ఇచ్చేదే, మన డబ్బులోంచి పైసా పోదు. రెండోది ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ యాప్. కొన్నాళ్లు యాప్‌లో కట్టి మళ్లీ ఏజెంట్ పిన్ని దగ్గరికే వచ్చేశాను. యాప్‌ని రేపు చూద్దాంలే అనొచ్చు. గుమ్మంలో నిలబడి "ఏటి బాబూ, జీతం పడలేదా?" అనే మనిషిని ఎలా పొమ్మంటాం? కాకపోతే కార్డు మీద సంతకం చూసుకుని సరిపెట్టుకోవద్దు. అప్పుడప్పుడూ పాసుబుక్కు తెప్పించుకుని, ఆ నెల జమ నిజంగా పడిందో లేదో చూడండి. పిన్ని ఎంత మంచిదైనా సరే.

ఇందులో అప్పు సౌకర్యం ఉందని చాలామందికి తెలీదు. ఏడాది గడిచి పన్నెండు వాయిదాలు కట్టినవాళ్లకు ఖాతాలో ఉన్నదాంట్లో సగం దాకా ఇస్తారు. ఆర్డీ వడ్డీకి రెండు శాతం కలిపి వసూలు చేస్తారు, అంటే నాకు ఏడాదికి 7.8 శాతం పడింది. మూడో ఏడు వానలకు ముందు ఇంటి పైకప్పు బాగు చేయించాల్సి వచ్చి ఇరవై వేలు తీసుకున్నాను. మా వీధిలో చేతి వడ్డీ నూటికి మూడు రూపాయలు, అదీ నెలకి. ఏడాదికి లెక్కేస్తే ముప్పై ఆరు. ఈ ఒక్క తేడాతోనే నా ఆర్డీ గిట్టుబాటు అయిందనుకుంటాను. అప్పుందని ఆర్డీ ఆగలేదు, వాయిదాలు మామూలుగానే నడిచాయి.

ఇక చిరాకులు. ఖాతా తెరిచిన రోజు వడ్డీ ఎంతో ఐదేళ్లూ అంతే. నేను తెరిచినప్పుడు 5.8 శాతం. 2023 అక్టోబరు నుంచి కొత్తగా చేరినవాళ్లకు 6.7 ఇస్తుంటే నేను పాత లెక్క మీదే ఉన్నాను. అయితే చేతికొచ్చేదాంట్లో తేడా భయపడినంత లేదు. అవే రెండు వేలు 6.7 మీద కడితే 1,42,732 వచ్చేది. మూడు వేల మూడొందల చిల్లర కోసం పాతది మూసి కొత్తది తెరవాలా అని అప్పట్లో కాగితం మీద చాలాసేపు లెక్కలేశాను. అలా చేస్తే పాతదానికి సేవింగ్స్ ఖాతా వడ్డీయే, అంటే నాలుగు శాతమే కట్టిస్తారు. గడువుకి ఒక్కరోజు ముందు మూసినా అదే నిబంధన. నా లెక్కలో అయితే చివర్లో మూసినందుకు ఆరు వేలకు పైగా పోతుంది. ఇది దారుణమే. నాలుగున్నరేళ్లు క్రమం తప్పకుండా కట్టినవాణ్ని, మూడేళ్లకే పారిపోయినవాణ్ని ఒకే గాటన కట్టడం ఏం న్యాయం?

తారీఖు విషయం ఎవరూ చెప్పరు. పదిహేనో తారీఖులోపు ఖాతా తెరిస్తే ప్రతి నెలా పదిహేనులోపే కట్టాలి. పదహారు తర్వాత తెరిస్తే నెలాఖరు దాకా టైముంటుంది. మా కాలేజీలో జీతం పదో తారీఖు దాటాకే పడుతుంది, ఒక్కోసారి ఇరవై కూడా దాటుతుంది. నేను నెల మొదట్లో తెరిచాను కాబట్టి ఐదేళ్లూ అదో టెన్షన్. ఆలస్యమైతే వందకు రూపాయి చొప్పున జరిమానా, రెండు వేలకు ఇరవై రూపాయలు. పెద్ద మొత్తం కాదుగానీ నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. రెండు నెలల్లో బకాయిలు కట్టి బతికించుకోవాలి. దానికి విరుగుడు ముందస్తు జమ. ఆరు నెలలది ఒకేసారి కడితే నెల వాయిదాలో వందకు పది రూపాయలు, ఏడాదిది కడితే నలభై రూపాయలు తగ్గిస్తారు. ఒక దసరాకి బోనసు వచ్చినప్పుడు ఆరు నెలలది కట్టేశాను. రెండొందలు మిగిలాయి, ఆరు నెలలు తారీఖు గోల లేదు.

మరి చిట్టీ ఎందుకు కట్టలేదని టెక్కలిలో ఉన్న మా మేనమామ ఇప్పటికీ అడుగుతాడు. అటు చిట్టీ మామూలు విషయం. ఇటు 2013లో డిపాజిట్లు వసూలు చేసిన కంపెనీలు బోర్డులు తిప్పేసిన సంగతి మా ఇంట్లో ఇంకా మర్చిపోలేదు. రిజిస్టరైన చిట్టీ వేరు, ఆ కంపెనీలు వేరు, నాకు తెలుసు. అమ్మకి తెలీదు. అవసరానికి మధ్యలోనే పెద్ద మొత్తం పాడుకోవాలంటే చిట్టీయే మెరుగు. నాకు ఆ అవసరం లేదు. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ ఐదొందలు పెడుతున్నాను, అది పదేళ్ల మాట, దీంతో పోల్చను.

గడువు తీరాక వచ్చినదాంట్లో లక్ష తీసి పోస్టాఫీసులోనే ఎన్‌ఎస్‌సీలో (నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్) పెట్టాను, దాని వడ్డీ 7.7 శాతం. కొత్త ఆర్డీ నెలకు మూడు వేలు, ఈసారి పద్దెనిమిదో తారీఖున తెరిచాను.

ఎన్‌ఎస్‌సీకి ఉన్నట్టు ఆర్డీకి ఆదాయపన్ను మినహాయింపు లేదు, వచ్చిన వడ్డీ మన ఆదాయంలో కలుస్తుంది. నెలకు వంద రూపాయలతోనే మొదలుపెట్టొచ్చు, కాబట్టి మొదటి జీతం వాళ్లు కట్టగలిగినదానికంటే కాస్త తక్కువే రాయించుకోండి. తర్వాత స్తోమత పెరిగితే ఇంకో ఖాతా తెరుచుకోవచ్చు గానీ, ఒకసారి రాయించిన వాయిదా మధ్యలో తగ్గించరు. ఫారంలో నామినీ గడి మాత్రం ఖాళీగా వదలకండి.