పప్పు సూప్, గింజల సూప్, కూరగాయల సూప్: తక్కువ ఖర్చులో నలుగురి కడుపు నింపేది ఏది?

నెలాఖరు వచ్చేసరికి చేతిలో డబ్బులు లెక్కపెట్టుకుని వాడాల్సి వస్తుంది. అలాంటి రోజుల్లో ఒక్క గిన్నె సూప్‌తో నలుగురి ఆకలీ తీరితే ఎంత నిశ్చింతో! మాంసం లేకుండా నేను మూడు రకాలు మార్చి మార్చి చేస్తుంటాను. ఒకటి ఎర్ర మసూర్ పప్పుతో, ఇంకొకటి రాజ్మా, శనగల్లాంటి ఎండు గింజలతో, మూడోది బంగాళాదుంపలు, కూరగాయలతో. మూడూ చవకే. కానీ చవక అనే మాటను సరుకుల బిల్లుతో మాత్రమే కొలవకూడదని నా అనుభవం. రాత్రి ఎనిమిదికి తిన్న పిల్లలు తొమ్మిదిన్నరకే మళ్లీ ఆకలంటే ఇంకేదో వండి పెట్టాలి కదా. ఆ ఖర్చూ లెక్కలోకి రావాలి. పొయ్యి ఎంతసేపు వెలిగిందీ, మనం ఎంతసేపు నిలబడ్డామూ కూడా లెక్కే.

కూరగాయల సూప్ సంగతి ముందు తేల్చేస్తాను. బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ, ఉల్లిపాయ వేసి అరగంటలో చేసేయొచ్చు. వాడిపోతున్న కూరగాయలు పారేయకుండా పనికొస్తాయి. ఒకటి రెండు దుంపలు మెదిపితే చిక్కదనమూ వస్తుంది. తినేటప్పుడు కడుపు నిండినట్టే ఉంటుంది గానీ ఎక్కువసేపు ఆగదు. నలుగురికి అరకిలో బంగాళాదుంపలు వేశామనుకోండి, వాటిలో ప్రొటీన్ మొత్తం కలిపి 10 గ్రాములే. అంటే మనిషికి రెండున్నర గ్రాములు. అందుకే దీన్ని ఒంటరిగా భోజనం అనుకోను. పక్కన ఇంకేదైనా ఉన్న రోజున సరిపోతుంది.

అదే నలుగురికి 200 గ్రాముల మసూర్ పప్పు తీసుకుంటే ప్రొటీన్ దాదాపు 48 గ్రాములు, మనిషికి 12 వస్తుంది. పైగా నానబెట్టే పని లేదు. పొట్టు తీసిన ఎర్ర పప్పు 15 నుంచి 20 నిమిషాల్లో తనంతట తానే కరిగి చిక్కబడుతుంది. లీటరుంబావు నీళ్లు, రెండు క్యారెట్లు, రెండు టమాటాలు చాలు. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి, ఇప్పుడేం వండాలి అని టెన్షన్ పడే రోజున ఇంతకంటే నమ్మకమైన వంట నాకు దొరకలేదు.

గింజల సూప్‌కు బలం ఎక్కువ. 250 గ్రాముల ఎండు రాజ్మా ఉడికితే అరకిలో దాటుతుంది. గింజ గింజా నమిలి తినాలి కాబట్టి భోజనం చేసిన తృప్తి ఉంటుంది. డబ్బాల్లో ఉడికించి అమ్మేవాటికంటే ఎండువి కొనడమే చవక. కాకపోతే ముందురోజు రాత్రే గుర్తుపెట్టుకుని నానబెట్టాలి. మామూలు గిన్నెలో ఉడకాలంటే గంట, ఒక్కోసారి గంటన్నర. ప్రెషర్ కుక్కర్ లేని ఇంట్లో ఆ ఇంధనం ఖర్చే మిగులును తినేస్తుంది.

ఒకసారి రుచి బాగా పడుతుందని టమాటాలు మొదట్లోనే వేశాను. రెండు గంటలు ఉడికినా గింజ వేళ్ల మధ్య నలగలేదు. పులుపు ఉంటే గింజ మెత్తబడటం బాగా ఆలస్యమవుతుంది. అందుకే టమాటా అయినా నిమ్మరసమైనా గింజ మెత్తగా ఉడికాకే వేయాలి. ఉప్పు విషయంలో మాత్రం భయపడొద్దు. లీటరు నీటికి రెండు టీస్పూన్ల ఉప్పు వేసి నానబెడితే పై తోలు ఇంకా మెత్తబడుతుంది. ఏళ్లతరబడి నిల్వ ఉన్న గింజలు ఎంత నానబెట్టినా మొండికేస్తాయి.

రాజ్మాతో ఒక జాగ్రత్త తప్పనిసరి. పచ్చి గింజలో ఉండే లెక్టిన్ అనే పదార్థం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లనివ్వాలి. 30 నిమిషాలైతే మరీ మంచిది. తక్కువ వేడి మీద నడిచే స్లో కుక్కర్‌లో నేరుగా వేయకండి.

మూడింట్లో ఏది చేసినా, మాంసం లేని సూప్ చప్పగా ఉంటుందన్న ఫిర్యాదును పోగొట్టేది ఉల్లిపాయే. నూనెలో సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేసి, సన్నని సెగ మీద పదిహేను నిమిషాలైనా ఓపిగ్గా వేయించాలి. ముందు నీరు వదిలి మెత్తబడతాయి, తర్వాత అంచులు బంగారు రంగుకు తిరుగుతాయి. గిన్నె అడుగున గోధుమరంగు పొర పట్టగానే అరకప్పు నీళ్లు పోసి గరిటెతో గీకండి. చుయ్‌మని ఆవిరి లేస్తుంది, అడుగున పట్టిందంతా నీళ్లలో కలిసిపోతుంది. సూప్ రుచంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. ఇక్కడ పది నిమిషాలు ఆదా చేద్దామనుకుంటే ఏ మసాలా పొడీ ఆ లోటు తీర్చదు. దించాక పిండిన నిమ్మరసం రుచినే కాదు, పప్పులోని ఇనుము ఒంటికి పట్టడాన్నీ పెంచుతుంది.

నన్నడిగితే వారంలో ఎక్కువ రోజులకు మసూర్ పప్పు సూపే మేలు. అందులోనే క్యారెట్, క్యాబేజీ వేసేస్తే కూరగాయల సూప్ విడిగా చేయాల్సిన పని ఉండదు. కుక్కర్ ఉంటే సెలవు రోజున పెద్ద గిన్నెడు గింజల సూప్ చేసుకోండి. అది మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది. వండిన రెండు గంటల్లోపు చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఢోకా లేదు. పప్పు సూప్ మాత్రం ఫ్రిజ్‌లో గడ్డకట్టినట్టు చిక్కబడుతుంది. వేడిచేసేటప్పుడు కప్పు వేడినీళ్లు పోసి కలిపి, ఉప్పు మళ్లీ ఒకసారి చూసుకోండి.