వాగులో దొరికింది శిలాజమా, ఉత్త రాయా? తేల్చుకోవడానికి ఏ దారి మేలు?

వాగులో నడిచే అలవాటున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు అలాంటి రాయి చేతికి తగులుతుంది. పక్కనున్న గులకరాళ్లలా ఉండదు. గీతల్లోనో గుంటల్లోనో ఏదో ఒక వరస కనిపిస్తుంది. జేబులో వేసుకుని ఇంటికొచ్చాక అసలు తంటా మొదలవుతుంది. ఇదేమిటో తేల్చేదెవరు? దారులు మూడు: ఇంట్లో మనమే పరీక్షించుకోవడం, ఫొటో తీసి ఆప్‌ని అడగడం, శిలాజాల గురించి తెలిసినవాళ్లకు చూపించడం. నేను మూడూ చేశాను.

అందరూ మొదట పోయేది ఆప్ దగ్గరికే కాబట్టి దాని సంగతి ముందు. నాకు దొరికింది పిడికెడంత నల్లటి ముక్క, ఒళ్లంతా సన్నటి రంధ్రాలు. ఎముకేనని సంబరపడ్డాను. ఆప్‌కి ఒకవైపు చూపిస్తే పగడం అంది. తిప్పి చూపిస్తే రాయిగా మారిన మాను అంది. తడిపి తీస్తే ఎముక అంది. ‘ఇది ఉత్త రాయి’ అని మాత్రం ఒక్కసారీ అనలేదు! పేరు అడిగినందుకు ఏదో ఒక పేరు చెప్పింది, అంతే. చేతిలో ఎంత బరువుందో, విరిగిన చోట లోపల ఎలా ఉందో దానికి తెలిసే వీలు లేదు.

గుట్టు విప్పింది పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం. రంధ్రాలు దేనికది విడిగా, గుండ్రంగా, లోపల గాజులా నున్నగా ఉన్నాయి. అంటే గాలి బుడగలు. ఎముక తీరు వేరు. పైన గట్టి, దట్టమైన పొర ఉంటుంది. లోపల సన్నటి గోడలు ఒకదానితో ఒకటి అల్లుకుని స్పాంజిలా ఉంటాయి. విరిగిన అంచున ఈ రెండూ పక్కపక్కనే కనిపించాలి. నా ముక్కలో ఆ తేడాయే లేదు. అనుమానమొచ్చి అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంది. కొలిమి చిట్టెం! ఎవరో ఎప్పుడో ఇనుము కరిగించి పారబోసింది.

భూతద్దం తీర్చే అనుమానాలు ఇంకా ఉన్నాయి. రాతి మీద ఫెర్న్ ఆకులా పరుచుకున్న నల్లటి అచ్చు చాలాసార్లు ఆకు కాదు, పగుళ్ల వెంట పేరుకున్న మాంగనీసు. దానికి నడిమి ఈనె ఉండదు. గుడ్డులాంటి రాళ్లలో ఎక్కువ భాగం ఖనిజం ఉండకట్టినవో, నీళ్లలో దొర్లి నునుపెక్కినవో. అదే గుండ్రటి చిన్న బిళ్లకు సరిగ్గా మధ్యలో చిల్లు ఉంటే, అది సముద్రపు లిల్లీ అనే జంతువు కాడలోని ముక్క కావచ్చు. చిల్లు నక్షత్రంలా అయిదు కోణాలతో ఉంటే ఆశ ఇంకాస్త పెంచుకోవచ్చు. రంగును మాత్రం నమ్మొద్దు. ఇనుము, మాంగనీసు ఉన్న బురదలో పడితే మొన్నమొన్నటి పశువు ఎముక కూడా నల్లబడుతుంది.

ఇంటి పరీక్షల్లో నేను ససేమిరా వద్దనేవి మూడున్నాయి. ఒకటి, సూది కాల్చి గుచ్చడం. కొత్త ఎముకలో కొల్లాజెన్ అనే ప్రొటీను ఉంటుంది కాబట్టి వెంట్రుకలు కాలిన వాసన వస్తుందన్నది నిజమే. కానీ మంచుయుగపు ఎముకల్లోనూ ఆ కొల్లాజెన్ కొంత మిగిలి ఉండొచ్చు, వాసన వచ్చిందని పారేస్తే మంచి ముక్క పోయినట్టే. రెండు, వెనిగర్ పోయడం. బుడగలొస్తే అందులో సున్నం ఉందని తెలుస్తుంది, శిలాజమని కాదు. పైగా రాతిలోని నత్త, ఆల్చిప్ప గుల్లలు చాలావరకు ఆ సున్నంతోనే ఉంటాయి, ఏ గీతలు చూసి పోల్చాలో వాటినే కరిగించుకుంటాం. మూడు, నాలుక ఆనించడం. ఎముక శిలాజం నాలుకకు అతుక్కుంటుందంటారు. అతుక్కుంటుంది, ఎండిన బంకమట్టి కూడా అతుక్కుంటుంది. ఎగువన ఏమేం కలిసిన నీళ్లో తెలియని వాగులోంచి తీసింది నోట్లో పెట్టుకోవడం ఎందుకు?

ఇక తెలిసినవాళ్ల దారి. 1666లో డెన్మార్క్ శాస్త్రవేత్త నికొలాస్ స్టెనో ఒక పెద్ద సొరచేప తల కోసి చూశాడు. దాని పళ్లు, అప్పట్లో ‘నాలుక రాళ్లు’ అని పిలిచే రాళ్లు ఒకే తీరున ఉన్నాయని పట్టుకున్నాడు. అంటే ఆ రాళ్లు పాతకాలపు సొరచేపల పళ్లేనన్నమాట. మరో పదకొండేళ్లకు ఇంగ్లండ్‌లో ప్రకృతి పరిశోధకుడు రాబర్ట్ ప్లాట్ ఒక పెద్ద తొడ ఎముక ముక్కను ఏనుగు ఎముకతో పోల్చాడు. సరిపోలేదు. ఇక మహాకాయుడైన మనిషిదే అయ్యుంటుందని తేల్చేశాడు. నిజానికి అది డైనోసార్‌ది. ఇద్దరూ పరిశీలనలో దిట్టలే, స్టెనో ముందు సరైన నమూనా ఉంది, ప్లాట్ ముందు లేదు. మ్యూజియం సొరుగుల నిండా ఉండేవి ఆ నమూనాలే.

అయితే రాయి పట్టుకుని నేరుగా వెళ్లిపోకండి. వాళ్లు మొదట అడిగేది ‘ఎక్కడ దొరికింది?’ అనే. వాగు రాయికి సొంత చోటు ఉండదు, ఎగువ నుంచి కొట్టుకొచ్చి ఉంటుంది. ఎగువన అంతా గ్రానైటే అయితే శిలాజమయ్యే అవకాశం బాగా తక్కువ. సున్నపురాయి, ఇసుకరాయి పొరలుంటే అవకాశముంది. అంచులు ఇంకా పదునుగా ఉంటే పుట్టిన పొర దగ్గర్లోనే ఉండొచ్చు. గట్టులో ఇరుక్కుని కనిపిస్తే పెకలించకుండా ఫొటో తీసి, ఆ చోటు గుర్తుపెట్టుకుని వదిలేయాలి. ఏరుకోవడానికి అనుమతి కావాలా అన్నది చోటును బట్టి మారుతుంది, అదీ అడగండి. మనిషి ఎముకలా అనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి.

కాబట్టి నా ఓటు ఇలా: ముందు భూతద్దం, అయస్కాంతం. అప్పటికీ అనుమానం మిగిలితే ఆప్‌కి కాదు, తెలిసిన మనిషికి ఫొటోలు. పక్కన స్కేలు పెట్టి, రాయి ఆరాక, వెలుతురు పక్క నుంచి పడేలా నాలుగు వైపులా తీయండి, విరిగిన అంచును విడిగా తీయండి. వాళ్లు తెమ్మంటేనే రాయి కదలాలి. జవాబు వచ్చేదాకా తడి ఎముకను ఎండలో పెట్టకండి, పగుళ్లిస్తుంది, నీడలో మెల్లగా ఆరనివ్వండి. దొరికింది పన్ను అయితే మీ పని సగం సులువైనట్టే. నమిలే వైపు ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) మడతలు స్పష్టంగా పడేలా, నిటారుగా పై నుంచి ఒక ఫొటో తీసి పంపండి. గుర్రమో పశువో చాలాసార్లు ఆ ఒక్కదాంతోనే చెప్పేస్తారు.