మడిచే చక్రాల బండి: పేటెంటా, డిజైన్ రిజిస్ట్రేషనా, ఏది మేలు?

సామాన్లు వేసి తోసుకెళ్లే, మడిస్తే పలచబడి తలుపు చాటున నిలబడే బండిని కొత్తగా తయారు చేసినవాళ్లు మొట్టమొదట అడిగేది "దీనికి పేటెంట్ వస్తుందా?" అని. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఇంకోటి తేలాలి. బండిలో కొత్తదనం ఎక్కడుంది? మడత పడే పద్ధతిలోనా, చూపులకు కనబడే ఆకారంలోనా? ఈ రెండింటికీ చట్టం వేర్వేరు దారులు పెట్టింది. ఒక దారిలో పోవాల్సిన బండిని రెండో దారిలోకి తోస్తే డబ్బూ కాలమూ ఖర్చవుతాయి, చివరికి చేతికొచ్చిన కాగితం పోటీదారుణ్ణి ఆపలేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇలాంటి బండ్లలో చాలావాటికి డిజైన్ రిజిస్ట్రేషనే తగినది. కానీ కీళ్ల అమరికలో నిజంగా కొత్త పని జరిగి ఉంటే పేటెంట్‌ను వదులుకోకూడదు, ఎంత శ్రమైనా సరే.

పేటెంట్ కాపాడేది పనితీరును. ఏ కడ్డీ ఏ కీలు మీద తిరుగుతుంది, గడియ ఎలా పడుతుంది, పిడి నొక్కితే చక్రాలు లోపలికి ఎలా ముడుచుకుంటాయి, ఇదంతా దాని కిందికి వస్తుంది. గడువు దాదాపు అన్ని దేశాల్లోనూ దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, నిలుపుకోవడానికి మధ్యలో రుసుములు కడుతూ ఉండాలి. డిజైన్ రిజిస్ట్రేషన్ కాపాడేది రూపాన్ని మాత్రమే. భారత్‌లో 10 ఏళ్లు, పొడిగించుకుంటే మరో 5. యూరోపియన్ యూనియన్‌లో ఐదేసి ఏళ్ల చొప్పున 25 ఏళ్ల దాకా. అమెరికాలో దీన్ని డిజైన్ పేటెంట్ అంటారు, 2015 మే 13 నుంచి వేసిన దరఖాస్తులకు మంజూరైన నాటి నుంచి 15 ఏళ్లు. అందుకే ఎవరైనా తమ బండికి అమెరికా పేటెంట్ ఉందంటే అది ఈ రెండింటిలో ఏదో అడిగి తెలుసుకోవాలి. దేన్ని కాపీ కొట్టకూడదో, దేన్ని కొట్టినా తప్పు కాదో ఆ జవాబును బట్టే ఉంటుంది.

మొదట పేటెంట్ సంగతి. ఇక్కడ రెండు పరీక్షలు. అచ్చం ఇలాంటిదే ముందెప్పుడైనా, ఎక్కడైనా బయటికి వచ్చిందా అన్నది మొదటిది. రాలేదనే అనుకుందాం. అయినా ఈ రంగంలో ఓ మాదిరి నైపుణ్యం ఉన్న పనివాడు పాత వాటిని చూసి దీన్ని తేలిగ్గా ఊహించగలడా అన్నది రెండోది. మన పేటెంట్ వ్యవహారాల్లో దీన్ని ఇన్వెంటివ్ స్టెప్ అంటారు. మడత బండ్లు ఎక్కువగా ఓడిపోయేది ఈ రెండో పరీక్షలోనే, ఎందుకంటే మడవడం అన్న ఆలోచనకు వయసు చాలా ఉంది.

అమెరికాలో సూపర్ మార్కెట్ యజమాని సిల్వాన్ గోల్డ్‌మన్ 1937లో మడత కుర్చీని చూసి, ఆ తరహా చట్రానికి చక్రాలు తగిలించి, రెండు తీగ బుట్టలు పెట్టుకునే బండి తెచ్చాడు. 1940లో దానికి పేటెంట్ వచ్చింది. 1946లో ఓర్లా వాట్సన్ బుట్ట వెనక పలకకు కీలు పెట్టి, అది పైకి లేచేలా చేశాడు. దాంతో ఒక బండి ఇంకో బండిలోకి దూరిపోయి, వరసంతా కొద్ది చోటులో ఇమిడింది. ప్రతి బండినీ మడిచి బుట్టలు విడిగా పేర్చే పని తప్పింది. గోల్డ్‌మన్ కూడా అలాంటి బండికే దరఖాస్తు వేసి తగువుకు దిగాడు, చివరికి వెనక్కి తగ్గి లైసెన్స్ తీసుకున్నాడు. వాట్సన్‌కు 1949లో పేటెంట్ అందింది. ఇందులో నేర్చుకోవాల్సింది ఉంది. బండి పాతదే, బుట్ట పాతదే, కీలు అంతకంటే పాతది. ఆ కీలు ఉన్న చోటు, అది సాధించిన ఫలితం కొత్తవి.

స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజినీర్ ఓవెన్ మెక్‌లారెన్ 1965లో పిల్లల తోపుడు కుర్చీకి పేటెంట్ దరఖాస్తు వేశాడు. అల్యూమినియం గొట్టాలు గొడుగు ముడిచినట్టు ఒక్క కదలికతో దగ్గరికి వచ్చేస్తాయి. దీనికి ఎదురుగా బెర్నార్డ్ సాడో చక్రాల సూట్‌కేసును పెట్టి చూడండి. 1972లో దానికీ అమెరికా పేటెంట్ వచ్చింది. పెట్టె అడుగున నాలుగు చక్రాలు, లాగడానికి ఒక పట్టీ. జనానికి అంత ఉపయోగపడిన వస్తువు తక్కువ, కానీ పోటీ కంపెనీలు కలిసికట్టుగా పోరాడి కొద్దికాలానికే ఆ పేటెంట్‌ను పడగొట్టాయి. ఉపయోగం ఎంత ఉన్నా దాన్నిబట్టి పేటెంట్ నిలవదు. తెలిసిన పెట్టెకు తెలిసిన చక్రాలు తగిలించడానికి, భాగాలన్నీ ఒకదాన్నొకటి కదిలించే కొత్త అమరికకు తేడా అక్కడే కనిపిస్తుంది.

న్యాయస్థానాలూ ఈ గీతనే గట్టిగా గీశాయి. భారత సుప్రీంకోర్టు 1978లో విశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో, పనిశాలలో మామూలుగా జరిగే మెరుగుదల పేటెంట్‌కు సరిపోదని చెప్పింది. భారత పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(ఎఫ్) ఇంకా సూటిగా ఉంటుంది. ఎవరి పని వారు చేసుకుపోయే తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చినంత మాత్రాన ఆవిష్కరణ అనిపించుకోదు. అమెరికా సుప్రీంకోర్టు 2007లో కేఎస్ఆర్ కేసులో, తెలిసిన భాగాలను తెలిసిన పద్ధతిలో కలిపి, ఊహించదగ్గ ఫలితమే రాబడితే దానికి పేటెంట్ నిలవడం కష్టమని తేల్చింది.

ఇప్పుడు రెండు క్లెయిములు, అంటే దరఖాస్తులో హక్కు దేని మీదో చెప్పే వాక్యాలు, ఊహించుకుందాం. మొదటిది: "మడవగల చట్రం, నాలుగు చక్రాలు, విడదీయగల బుట్ట ఉన్న బండి." ఇది పేటెంట్ కార్యాలయంలో పరీక్షకుడి బల్ల దాటదు. రెండోది: "పిడిని కిందికి దించినప్పుడు దానికి బిగించిన లంకె ఇరుసును తిప్పి చక్రాలను చట్రం మందంలోకి తెచ్చే బండి, బుట్టలో బరువు ఉన్నంతసేపూ ఆ బరువే గడియను బిగించి ఉంచేలా అమరిక ఉన్న బండి." ఇలాంటిది ఇంతకుముందు రాలేదని తేలితే దీనికి బలం ఉంది. ఒక కదలిక ఇంకో కదలికను నడిపిస్తోంది, పైగా బరువుతో ఉన్న బండి చేతుల్లో కుప్పకూలే ప్రమాదం తప్పుతోంది. దరఖాస్తులో ఈ ప్రయోజనాన్ని వివరంగా రాయాలి. పాత బండ్లలో ఇబ్బంది ఏమిటి, ఈ లంకె దాన్ని ఎలా తొలగించింది, మడిచాక మందం ఎంత తగ్గింది, అన్నీ. తర్వాత గుర్తొచ్చినవి చేర్చే వీలుండదు.

వెతకడం కూడా అనుకున్నంత కష్టం కాదు. చేతితో తోసే బండ్లన్నీ అంతర్జాతీయ పేటెంట్ వర్గీకరణలో బీ62బీ కింద ఉంటాయి. ఒకటి కంటే ఎక్కువ ఇరుసులుండి మడిచే, విప్పే బండ్లకు బీ62బీ 3/02 చూడాలి, పిల్లల బండ్లకు బీ62బీ 7, చక్రాల పెట్టెలకు ఏ45సీ 5/14. పిల్లల బండ్ల విభాగాన్ని చాలామంది వదిలేస్తారు. మడత కీళ్ల మీద ఎక్కువ బుర్ర పెట్టింది అక్కడే, పరీక్షకుడు పాత దాఖలాను, అంటే ఇలాంటిది ముందే వచ్చిందనే రుజువును, అక్కణ్ణుంచి తీసుకురావడం మామూలే. పేటెంట్లు వెతికే వెబ్‌సైట్లు ఎస్పాసెనెట్, గూగుల్ పేటెంట్స్ రెండూ ఉచితం. బొమ్మలు చూసుకుంటూ పోయినా సగం సంగతి తెలిసిపోతుంది.

ఇక డిజైన్ రిజిస్ట్రేషన్. ఇది తక్కువ ఖర్చులో, తక్కువ కాలంలో వస్తుంది. డిజైన్లకు వాడే అంతర్జాతీయ లొకార్నో వర్గీకరణలో తోపుడు బండ్లది 12-02. కానీ దీని హక్కు ఇరుకైనది, ఎంత ఇరుకో ట్రంకీ కేసు చూస్తే తెలుస్తుంది. ట్రంకీ పిల్లలు ఎక్కి కూర్చునే చక్రాల పెట్టె. దాని యజమాని మాగ్మాటిక్ కంపెనీ యూరోపియన్ డిజైన్ నమోదు చేయించుకుంది. పీఎంఎస్ అనే కంపెనీ కిడీ కేస్ పేరుతో అలాంటి పెట్టెనే అమ్మింది. మొదటి కోర్టులో మాగ్మాటిక్ గెలిచింది, అప్పీలులో ఓడింది, 2016 మార్చిలో బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా ఆ ఓటమినే ఖాయం చేసింది. మాగ్మాటిక్ దాఖలు చేసినవి కంప్యూటర్‌లో గీసిన, నీడలతో కూడిన నలుపు తెలుపు బొమ్మలు. వాటిలో కొమ్ములున్న జంతువు రూపం కనిపిస్తుంది, చక్రాలు ఒంటి కంటే ముదురు రంగులో ఉంటాయి. ఎదుటి పెట్టె పురుగులానో, చెవులు వేలాడే జంతువులానో ఉంది. కాబట్టి మొత్తమ్మీద కలిగే ముద్ర వేరని న్యాయమూర్తులు నిర్ణయించారు. పిల్లలు ఎక్కే పెట్టె అన్న ఆలోచన తెలివైనదేనని ఒప్పుకుంటూనే, డిజైన్ హక్కు ఆలోచనను కాపాడదని చెప్పారు. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది, తర్కం మాత్రం కాదనలేను.

అందుకే డిజైన్ దాఖలు చేసేటప్పుడు సాదా గీతల బొమ్మలు మేలు. రంగు, నీడ, లోగో పెడితే అవీ మీ హక్కులో భాగమైపోతాయి, అవి మార్చి చేసినవాడు తప్పించుకుంటాడు. మడత బండికి ఇంకో జాగ్రత్త కావాలి. విప్పినప్పటి రూపం, మడిచినప్పటి రూపం రెండూ చూపించాలి. మీ బండిలో కొత్త అందం మడిచిన స్థితిలోనే ఉంటే దాన్ని వదిలేసి విప్పిన బొమ్మలే ఇవ్వడం దండగ. ఒకే దరఖాస్తులో రెండు స్థితులూ ఎలా చూపాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఏజెంటును అడిగి చేయాలి.

డిజైన్‌కు లొంగనిది కూడా ఉంది. పనికోసమే పుట్టిన ఆకారం. లంకె ఆ వంపులో లేకపోతే బండి మడతే పడదంటే ఆ వంపును డిజైన్‌గా కాపాడుకోలేరు. ఇంకో ఆకారంతోనూ అదే పని జరుగుతుందని వాదించినా యూరప్‌లో ఒక్క ఆ మాట సరిపోదు. పని తప్ప వేరే ఏ ఆలోచనా ఆ ఆకారాన్ని నిర్ణయించకపోతే రక్షణ లేదని యూరోపియన్ న్యాయస్థానం 2018లో డోసెరామ్ కేసులో చెప్పింది. భారత డిజైన్ల చట్టం, 2000 కూడా నిర్మాణ పద్ధతిని నిర్వచనం నుంచే తీసేసింది. కాబట్టి కీళ్లలోని తెలివిని డిజైన్ కాగితంతో కాపాడుకుందామన్న ఆశ వద్దు.

ఈ రెండింటి మధ్య కొన్ని దేశాల్లో యుటిలిటీ మోడల్ అనే మూడో దారి ఉంది. జర్మనీ, చైనా, జపాన్‌లలో 10 ఏళ్ల గడువు, లోతైన పరీక్ష లేకుండా త్వరగా చేతికొస్తుంది. ఒక కొత్త గడియ, ఒక చిన్న లంకె లాంటి వాటికి సరిగ్గా సరిపోతుంది. అయితే పరీక్ష లేకుండా వచ్చిన హక్కు కాబట్టి, కోర్టుకెళ్లాక దాని అసలు బలం తేలుతుంది. అమెరికా, బ్రిటన్, భారత్‌లలో ఈ దారి లేదు. చైనాలో తయారు చేయించి తెప్పించుకునే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం దీన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి.

రహస్యంగా ఉంచుకోవడం అన్నది ఇక్కడ పనికిరాదు. ఒక బండి కొని స్క్రూలు విప్పితే మొత్తం తెలిసిపోతుంది.

ఏది ఎంచుకున్నా అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది తొందరపడి చూపించడం. ప్రదర్శనలో పెట్టడం, వీడియో పోస్ట్ చేయడం, ముందస్తు బుకింగులు తెరవడం, ఇవన్నీ బయటపెట్టడం కిందికే వస్తాయి. బయటపెట్టాక కూడా దరఖాస్తు వేయడానికి అమెరికాలో పేటెంట్‌కు, యూరోపియన్ యూనియన్‌లో డిజైన్‌కు ఏడాది వెసులుబాటు ఉంది. యూరోపియన్ పేటెంట్‌కు అలాంటి దయ దాదాపు లేదు, మీ వీడియోనే మీ దరఖాస్తుకు అడ్డం నిలబడుతుంది. భారత్‌లోనూ మినహాయింపులు చాలా తక్కువ. అవసరమైతే ముందు పేటెంట్‌కు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి తేదీ పట్టుకుని, 12 నెలల్లో పూర్తి వివరం ఇవ్వవచ్చు. అమెరికా, భారత్ రెండూ దీన్ని అనుమతిస్తాయి.

వరుస కూడా ముఖ్యం. డిజైన్ ముందు నమోదై ప్రచురితమైతే, ఆ బొమ్మల్లో కనబడే కీళ్లన్నీ లోకానికి తెలిసిపోయినట్టే. తర్వాత వేసే పేటెంట్‌కు అదే పాత దాఖలా అవుతుంది. పేటెంట్ దరఖాస్తు ముందుగా గానీ, అదే రోజు గానీ పడాలి. యూరోపియన్ యూనియన్‌లో డిజైన్ ప్రచురణను 30 నెలల దాకా వాయిదా వేయించుకోవచ్చు.

రెంటిలో ఒక్కదానికే స్తోమత ఉంటే ఇలా చూడండి. బండికి పూర్తిగా వేరే రూపం తొడిగినా అదే మడత పని చేస్తుందా? చేస్తే, ఆ మడత ముందెవరూ చేయనిదైతే, పేటెంటే మేలు. రూపం తీసేస్తే మిగిలేది అందరికీ తెలిసిన కత్తెర కడ్డీలే అయితే డిజైన్ మేలు, పేటెంట్ జోలికి పోవద్దు. రెండూ నిజంగా కొత్తవైతే రెండూ వేయాలి, ఇందులో పిసినారితనం పనికిరాదు. పేటెంట్ వచ్చినా అది ఎదుటివాణ్ణి ఆపే హక్కే. మీ గడియ మీద ఇంకొకరికి బతికున్న పాత పేటెంట్ ఉంటే మీ బండినే మీరు అమ్మలేకపోవచ్చు, ఆ వెతుకులాట విడిగా చేయించాలి.

మొదటి దరఖాస్తు పడిన రోజును ఎక్కడైనా గట్టిగా రాసిపెట్టుకోండి. పారిస్ ఒప్పందం ప్రకారం మిగతా దేశాల్లో అదే తేదీతో డిజైన్ వేయడానికి 6 నెలలు, పేటెంట్ వేయడానికి 12 నెలలు ఉంటాయి. పేటెంట్‌కు పీసీటీ (చాలా దేశాలకు కలిపి ఒకే అంతర్జాతీయ దరఖాస్తు వేసే ఒప్పందం) దారిలో వెళితే చాలా దేశాల్లో అడుగుపెట్టడానికి మొదటి తేదీ నుంచి 30 నెలల సమయం దొరుకుతుంది.