ఆక్సిజన్ పడని బ్యాక్టీరియాని మనిషి కణాలతో కలిపి పెంచాలంటే ఏ పద్ధతి మేలు?

పేగు బ్యాక్టీరియా మీద పని మొదలుపెట్టే పిల్లలు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జి అనే పేగు బ్యాక్టీరియా గాలి తగిలితే నిమిషాల్లో చచ్చిపోతుంది, పేగు గోడకి నమూనాగా ల్యాబ్‌లో పెంచే కాకో-2 అనే మనిషి కణాలకేమో ఆక్సిజన్ లేకపోతే గడవదు. ఉప్పూ నిప్పూలాంటి ఈ రెండింటినీ ఒకే ప్లేటులో ఎలా ఉంచాలి?

ఎక్కువమంది చేసేది కణాల్ని పెంచే మామూలు సీఓ2 ఇంక్యుబేటర్‌లోనే (అందులో గాలి ఉంటుంది) కణాల మీద బ్యాక్టీరియా వేసి రెండు మూడు గంటలు ఉంచడం. చిగుళ్ల జబ్బు తెచ్చే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్‌లా గాలిని కాసేపు తట్టుకునే వాటితో, అతుక్కోవడం, లోపలికి దూరడం వరకే చూడాలంటే ఇది చాలు. కాకపోతే దూరినవాటిని లెక్కపెట్టేటప్పుడు కణాల బయట మిగిలినవాటిని చంపడానికి వేసే యాంటీబయాటిక్ జెంటామైసిన్ ఒక్కదాన్నే నమ్మకండి. అది బ్యాక్టీరియా లోపలికి వెళ్లాలంటే ఆక్సిజన్‌తో నడిచే శ్వాస ఉండాలి, వీటికి అది లేదు. అందుకే ఇలాంటి బ్యాక్టీరియా మీద పనిచేసే మెట్రోనిడజోల్ కూడా కలుపుతారు.

నా లెక్కలో అసలు తేల్చాల్సింది ఒక్కటే, ప్రయోగం అయ్యేసరికి బ్యాక్టీరియా బతికుందా లేదా. చచ్చిన బ్యాక్టీరియా గోడ ముక్కలకి కూడా కణాలు స్పందిస్తాయి, వాపుని సూచించే ఐఎల్-8 అనే ప్రోటీన్ పెరుగుతుంది, చూసిన మనం ఇది బతికున్న బ్యాక్టీరియా పనే అనుకుంటాం. బ్యాక్టీరియా తయారుచేసే బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లం లాంటివి రావాలంటే అది బతికే ఉండాలి కదా! పోనీ అని ప్లేటు మొత్తాన్ని అనెరోబిక్ ఛాంబర్‌లో (ఆక్సిజన్ లేని మూసిన పెట్టెలో) పెడితే ఈసారి కణాలకి ఊపిరాడదు, ఆక్సిజన్ తగ్గితే పెరిగే హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ పేరుకుపోయి వందల జన్యువుల పని మారిపోతుంది, అందులో బ్యాక్టీరియా వల్ల వచ్చిన మార్పేదో విడదీయడం చాలా కష్టం.

అందుకే నా ఓటు ట్రాన్స్‌వెల్‌కే, అంటే సన్నని రంధ్రాల పొర మీద కణాలు పెరిగే చిన్న గిన్నె (ఇన్సర్ట్) వెల్‌లో కూర్చునే ప్లేటు. దాన్ని ఛాంబర్‌లో పెడితే బ్యాక్టీరియా ఉండే ఇన్సర్ట్ పైభాగంలో ఆక్సిజన్ ఉండదు, కింది అరని మూసేసి ఆక్సిజన్ ఉన్న మీడియం నింపుతాం. అసలు పేగులోనూ ఇంతే, కణాలకి ఆక్సిజన్ కింద రక్తం వైపు నుంచే అందుతుంది. పైన పోసే మీడియంని, ఖాళీ ప్లేట్లని ముందురోజే ఛాంబర్‌లో పెట్టేయండి, ప్లాస్టిక్ లోపల కూడా ఆక్సిజన్ దాగి ఉంటుంది, అది మెల్లగా మీడియంలోకి దిగుతుంది. పై మీడియంలో కాస్త రెసజురిన్ అనే రంగు పదార్థం వేస్తే ఆక్సిజన్ లేనంతసేపూ రంగు ఉండదు, ఎక్కడన్నా లీకైతే గులాబీ రంగు తేలుతుంది. ఫీనాల్ రెడ్ అనే ఎర్ర రంగు ఉన్న మీడియంలో మాత్రం ఆ గులాబీ కనపడదు, అది లేనిదే తీసుకోండి. చివర్లో పై ద్రవాన్ని ఛాంబర్ లోపలే ప్లేటింగ్ చేసి కాలనీలు లెక్కపెట్టండి. బ్యాక్టీరియా వేయని వెల్స్, వేడితో చంపిన బ్యాక్టీరియా వేసిన వెల్స్ పక్కనే తప్పకుండా ఉండాలి.

దీని లోటు సమయం. కింద నింపిన ఆక్సిజన్ అయిపోతుంది, పైన బ్యాక్టీరియా పెరిగి మీడియం పుల్లబడుతుంది, కాబట్టి ఒక రోజుకి మించి నేను ఆశించను. రోజుల తరబడి చూడాలంటే సన్నని కాలువల్లో మీడియం పారుతూ ఉండే చిప్ కావాలి. హార్వర్డ్‌లోని వీస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2019లో పేగు కణాల్నీ మైక్రోబయోమ్‌నీ (పేగు సూక్ష్మజీవుల గుంపునీ) అలాంటి చిప్‌లో కనీసం 5 రోజులు కలిపి పెంచి చూపించారు. పంపులు, గాలి బుడగలతో కుస్తీ పట్టే ఓపిక ఉన్నవాళ్లు ల్యాబ్‌లో ఉంటేనే అటు వెళ్లండి.

ఆర్గనాయిడ్లలోకి (ల్యాబ్‌లో పెంచిన బుల్లి పేగు ముద్దల్లోకి) బ్యాక్టీరియాని సూదితో ఎక్కించడం కుదురుతుంది కానీ వందల్లో చేయలేం. జెర్మ్-ఫ్రీ (ఏ సూక్ష్మజీవులూ లేని) ఎలుకలు రోగనిరోధక వ్యవస్థ మొత్తాన్ని చూడాలనుకునేవాళ్లకి.

ఛాంబరే లేకపోతే, ఆక్సిజన్ తీసేసిన మూసిన జార్‌లో పెంచిన బ్యాక్టీరియా మీడియంని వడకట్టి కణాల మీద వేయండి. అది బయటికి వదిలే వాటి గురించి మాత్రమే చెబుతుంది, ఖాళీ మీడియం కంట్రోల్ పెడితే ఆ మేరకు నమ్మొచ్చు.