మే నెలలో మైనస్ 40 డిగ్రీలు: పాత కారులో ఓబీడీ అడాప్టర్ చాలాకాలం వాడాక

కారులోని సాకెట్లో పెడితే ఇంజన్ కంప్యూటర్ నమోదు చేసిన ఫాల్ట్ కోడ్లని ఫోన్‌లో చూపించే ఈ ఓబీడీ అడాప్టర్ మీద నాకున్న ఇష్టమంతా ఒక్క ఫీచర్ వల్లే. అది ఫ్రీజ్ ఫ్రేమ్. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసే ఈఎల్ఎం327 రకం అడాప్టర్లు ఏం చేస్తాయో, ఎంతకి దొరుకుతాయో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను. కోడ్ నంబర్ ఏ అడాప్టరైనా చెబుతుంది. కానీ కోడ్ పడిన ఆ క్షణంలో ఆర్‌పీఎం ఎంత, బండి స్పీడు ఎంత, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి ఎంత అన్నది ఈసీయూ, అంటే ఆ ఇంజన్ కంప్యూటర్, భద్రపరిచి ఉంచుతుంది. అదే ఫ్రీజ్ ఫ్రేమ్. వచ్చి పోయే ఫాల్ట్‌కి అంతకన్నా గట్టి ఆధారం ఇంకోటి లేదు.

నాది హైదరాబాద్‌లో కొన్న 2011 పెట్రోల్ బండి, ఇప్పుడు విజయవాడలో ఉంటోంది. ఎండలు ముదిరాక చెక్ ఇంజన్ లైటు వెలగడం, కొన్ని రోజులకి దానంతటదే ఆరిపోవడం మొదలైంది. లైటు వెలిగినప్పుడల్లా రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరిగేది. వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే పెట్రోలు వాసన గుప్పుమనేది, సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ ఇంజన్ అందుకునేది కాదు. సర్వీస్‌కి తీసుకెళ్లేసరికి లైటు మాయం. వాళ్లు కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ మార్చి, బిల్లు వేసి, పనిలో పనిగా కోడ్లన్నీ తుడిచేశారు. కొద్ది రోజులకే లైటు మళ్లీ వచ్చింది.

సెన్సార్ మార్చినందుకు నాకు కోపం లేదు. కోడ్ తుడిస్తే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతోపాటే పోతుంది. కనీసం ఒకసారి తెరిచి చూడకుండా తుడిచేయడం మాత్రం ఈ రోజుకీ మింగుడు పడదు. నిజానికి లైటు ఆరిపోయినంత మాత్రాన కంగారు పడాల్సిన పని లేదు. మామూలుగా వరసగా మూడు డ్రైవ్‌లలో ఫాల్ట్ కనబడకపోతే లైటు ఆరుతుంది, కోడ్ మాత్రం మెమరీలో ఇంకా చాలాకాలం ఉంటుంది. ఎవరూ చెరపకపోతే చాలు.

అడాప్టర్ కొన్నాక లైటు వెలిగిన రోజున రోడ్డు పక్కన ఆపి చదివాను. పీ0118, అంటే కూలెంట్ సెన్సార్ సర్క్యూట్‌లో వోల్టేజ్ ఎక్కువ. ఇందులో కొత్తేమీ లేదు. ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిస్తే స్పీడు 14, ఇంజన్‌లోకి వెళ్లే గాలి 46 డిగ్రీలు, కూలెంట్ మైనస్ 40!

ఈ సెన్సార్ చల్లగా ఉంటే రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. వైరు తెగితే రెసిస్టెన్స్‌కి అంతు ఉండదు కాబట్టి ఈసీయూ దాన్ని గడ్డకట్టే చలి అనుకుని స్కేలు అడుగుకి, మైనస్ 40కి పోతుంది. చలి అనుకున్నాక పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆ వాసన, స్టార్టింగ్ ఇబ్బంది అక్కడివే. సెన్సార్ రీడింగ్ నమ్మలేనప్పుడు ఇంజన్ వేడెక్కకుండా ఫ్యాన్‌ని తిప్పుతూనే ఉంటుంది. ఇక ఆ 14 స్పీడు చూడగానే నాకు స్పీడ్ బ్రేకర్ తట్టింది. మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టి, ఫోన్‌లో కూలెంట్ గ్రాఫ్ ఒక్కటే పెట్టి, కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీదుగా పోనిచ్చాను. 92 దగ్గర తిన్నగా పోతున్న గీత ఒక కుదుపుకి నిలువునా కిందికి పడి, మళ్లీ 92కి లేచింది. "బావా, పడింది!" అని వాడు అరిచిన అరుపు మర్చిపోలేను.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, ఎలక్ట్రికల్ పనే చేస్తారు. గ్రాఫ్ చూసి, "సెన్సార్ జోలికి పోవద్దు సార్, వైరు చూద్దాం" అన్నారు. కనెక్టర్ పీకి, రెండు పిన్నులనీ చిన్న వైరు ముక్కతో కలిపారు. రీడింగ్ ఒక్కసారిగా పైకి పోయింది. అలాగే ఉంచి వైరింగ్‌ని ఊపితే మైనస్ 40కి పడింది. ఇంక సెన్సార్‌కి సంబంధం లేదని తేలిపోయింది. తర్వాత ఒక్కో వైరునీ రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగారు. బ్యాటరీ ట్రే పక్కన క్లాంపు దగ్గర మలుపు తిరిగే చోట ఒకటి రబ్బరు బ్యాండులా సాగింది. పైన తొడుగుకి గీత కూడా పడలేదు. కోసి చూస్తే లోపల రాగి పోగులన్నీ తెగి, కొసలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కొత్త ముక్క టంకం పెట్టి, స్లీవ్ తొడిగి, ఈసారి కొంచెం వదులుగా కట్టారు. ఆ కోడ్ మళ్లీ రాలేదు.

అప్పట్లో దీన్ని కనబడిన వాళ్లందరికీ కొనమని చెప్పాను. ఇన్నాళ్లు వాడాక కొంచెం తగ్గించి చెబుతున్నాను. పాత బండిలో డేటా నిదానంగా వస్తుంది. నాలుగైదు రీడింగులు ఒకేసారి పెడితే అలాంటి చిన్న కుదుపు గ్రాఫ్‌లో పడకుండానే దాటిపోతుంది. బ్లూటూత్ అప్పుడప్పుడూ తెగుతుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు నా దాంట్లో రావు. ఓబీడీ సాకెట్లో 16వ పిన్నుకి కారు ఆపినా కరెంటు ఉంటుంది కాబట్టి, కొన్ని రోజులు తీయకుండా వదిలేస్తే బ్యాటరీ దిగుతుంది. ఈసీయూ మామూలుగా ఒకే ఫ్రీజ్ ఫ్రేమ్ భద్రపరుస్తుంది. పైగా కొన్ని బళ్లలో ఈసీయూ మైనస్ 40 బదులు తన అంచనా విలువే చూపిస్తుంది, అలాంటప్పుడు ఇంత సులువుగా దొరకదు.

మన దగ్గర ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 (బండి పొగ మీద నిబంధనలు), దాంతోపాటే తొలి దశ ఓబీడీ వచ్చాయి కాబట్టి నా బండికి ఈ మాత్రం కుదిరింది. అంతకన్నా పాతదైతే ముందు తెలిసినవాళ్ల అడాప్టర్ పెట్టి చూసి కొనండి. వారంటీలో ఉన్న బండికైతే నేను కొననేమో. నాకు ఓపిక ఉంది, ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుని ఇంకొన్నాళ్లు ఈ బండే నడపాలనుంది, దగ్గర్లో వైరింగ్ తెలిసిన మనిషి ఉన్నారు. ఆ మూడో సంగతి లేకపోతే మైనస్ 40 కనబడ్డా మళ్లీ సెన్సారే మార్పించుకునేవాణ్ణి.