రోహిణీ కార్తెలో బెజవాడ: ఏ కప్పు కింద పడుకోవాలి?

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని తెలిసీ, పెళ్లి పిలుపు కాదనలేక విశాఖ నుంచి బయల్దేరాం.

మొదటి రాత్రి బెంజి సర్కిల్ దగ్గర ఓ లాడ్జి. అద్దె 2,800. ముందంతా అద్దాలే. మా గది పడమటి వైపు, నెత్తిన నేరుగా స్లాబు. సాయంత్రం ఆరింటికి గోడ మీద చెయ్యి వేస్తే అట్లపెనమే! ఏసీ 16లో పెట్టినా గది చల్లబడేసరికి పదకొండయింది. ఇంతలో కరెంటు పోయింది. జనరేటరు మీద ఫ్యాన్లే తిరిగాయి. కౌంటర్లో కుర్రాడు పాపం మజ్జిగ తెచ్చిచ్చాడు, అతన్నేమంటాం? ఎండ ముఖాన అద్దం బిగించినవాణ్ణి అనాలి.

పొద్దున్నే ఉండవల్లి గుహలకి వెళ్లాం. క్రీ.శ. 4-5 శతాబ్దాల నాటివంటారు. నాలుగంతస్తులు. ఇటుక లేదు, సున్నం లేదు, కొండలోంచి రాయి తొలిచేయగా మిగిలిందే కట్టడం. వెనక కొండంత గోడ కదా, పగటి వేడి అందులోకి దిగేలోపే పొద్దుగూకుతుంది, రాత్రికి మళ్లీ చల్లారుతుంది. మా చిన్నది స్తంభానికి చెంప ఆనించి ఇక కదల్లేదు. పైన శయనించిన అనంతపద్మనాభుణ్ణి చూసి, లాడ్జిలో నా రాత్రి గుర్తొచ్చి కాస్త అసూయ కలిగిన మాట నిజం. బయట మెట్లు మాత్రం కాలిపోతాయి, పదింటిలోపే వెళ్లండి.

రెండో రాత్రి తాడేపల్లి వైపు ఓ పెంకుటింట్లో బస, భోజనంతో 1,500. మూరెడు మందం గోడలు, చుట్టూ వసారా, పెరట్లో వేపచెట్టు. సాయంత్రం వాకిట్లో కళ్లాపి చల్లారు. ఒక్క ఫ్యానుతో నిద్రపట్టింది, తెల్లారుజామున దుప్పటి వెతుక్కున్నాం. దోమలున్నాయి, స్నానాలగది పెరట్లో ఉంది, రాత్రిపూట పెద్దవాళ్లకి కష్టం. "కోతులు పెంకులు కదిపేస్తాయి బాబూ, వానలకి ముందు సర్దించాలంటే మనుషులే దొరకట్లేదు" అన్నారు ఇంటి మామ్మగారు.

స్టేషనుకి తీసుకెళ్లిన ఆటో అతనిది సింగ్ నగర్. ఇంటి చల్లదనం గురించి నా పొగడ్తలన్నీ విని నవ్వాడు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో వాళ్లింట్లో నీళ్లు అతని ఛాతీదాకా వచ్చాయట.

"మట్టిగోడైతే అప్పుడే కూలేది సార్. మొన్న మీటరు, స్విచ్చులు అన్నీ పైకి మార్పించాను. ఇప్పుడు లైటు వెయ్యాలంటే మా ఆవిడకి స్టూలు కావాలి!"