అబీయా తరగతి జాడలో యెరూషలేములో రెండు రోజులు

లూకా సువార్త మొదటి అధ్యాయం చదివినప్పుడల్లా, బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యా ‘అబీయా తరగతి’ యాజకుడన్న మాట దగ్గర ఆగిపోయేదాన్ని. దావీదు యాజకులను 24 తరగతులుగా విభజించి చీట్లు వేయించాడని మొదటి దినవృత్తాంతములు 24వ అధ్యాయం చెబుతుంది. ఎలియాజరు వంశానికి 16, ఈతామారు వంశానికి 8. ఎనిమిదో చీటి అబీయాది. ఒక్కో తరగతి వారం రోజులు సేవ చేసి విశ్రాంతి దినాన దిగిపోయేది, మరో తరగతి ఎక్కేది. పండుగలకు మాత్రం అందరూ రావలసిందే.

ఈసారి బృందయాత్రలో నాకంటూ రెండు రోజులు అడిగి తీసుకున్నాను. బృందం బస బేత్లెహేములో. గదులు శుభ్రంగా ఉన్నాయి, భోజనానికి వంక పెట్టలేం. కానీ తనిఖీ కేంద్రం దాటేసరికే పొద్దెక్కిపోయేది. అందుకే యాఫా ద్వారం దగ్గర ఒక చిన్న అతిథి గృహానికి మారాను. గది ఇరుకు, మెట్లు నిటారు. అయినా తెల్లవారగానే నడిచి వెళ్లగలగడం ఎంతో మేలు. మోకాళ్ల నొప్పులున్నవారు కింది అంతస్తు గది ముందే అడిగి పెట్టుకోవాలి.

మొదట దేవాలయ కొండ దక్షిణ మెట్లు, పక్కనే నైరుతి మూల. మెట్లు ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు, తొందరపడి ఎక్కలేం. బృందంతో వచ్చినప్పుడు మార్గదర్శి ఇక్కడ ఇరవై నిమిషాలే ఇచ్చాడు. అది చాలా అన్యాయం. కనీసం రెండు గంటలు కావాలి. 1968లో ఈ మూలనే ‘బూర ఊదే స్థలానికి’ అని చెక్కిన రాయి దొరికింది. అసలు రాయి ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది, ఇక్కడున్నది నకలు. విశ్రాంతి దినం మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ యాజకుడొకడు బూర ఊదేవాడని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఆ మూల కింద నిలబడి పైకి చూస్తే, వారం ముగించుకుని మూట కట్టుకుంటున్న యాజకులు ఆ ధ్వని వినడం కళ్లకు కట్టింది.

ఇజ్రాయెల్ మ్యూజియంలోని, దేవాలయం నిలిచి ఉన్న కాలపు యెరూషలేము నమూనాకు ఒక పూట తప్పక కేటాయించండి. అసలు నగరంలో 50వ వంతు పరిమాణంలో కట్టారు. ధూపం వేసే పరిశుద్ధ స్థలం ఎక్కడో అక్కడే అర్థమవుతుంది. ఆ పని ఇంతకుముందు చేయనివారికే చీటి వేసే అవకాశం ఉండేదని యూదుల ధర్మశాస్త్ర సంప్రదాయ గ్రంథం మిష్నా చెబుతుంది. అంటే లూకా చెప్పినట్టు చీటి వచ్చి జెకర్యా ధూపం వేసిన ఆ రోజు జీవితంలో ఒక్కసారి దక్కేది! ముసలితనం దాకా ఎదురుచూసిన మనిషి.

యూదుల వాడలోని ‘కాలిన ఇల్లు’ చిన్నదే, కానీ మనసును కలచివేస్తుంది. క్రీ.శ. 70లో రోమన్లు నగరాన్ని కూల్చినప్పుడు తగలబడిన ఆ ఇంట్లో కత్రోసు కుటుంబం పేరున్న రాతి తూకపు గుండు దొరికింది. ఆ ప్రధాన యాజక కుటుంబం కలంతో చేసిన అన్యాయాలను, మిష్నాపై చర్చల గ్రంథమైన తల్ముదు శాపనార్థాలతో తలచుకుంది. చీట్లతో సమానత్వం పాటించిన చోటే పైస్థాయిలో కొన్ని ఇళ్లు పెత్తనం చేశాయన్నది నాకు బాధ కలిగించింది. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత ఈ వాడలో తలుపులన్నీ మూస్తారు, చూసుకుని వెళ్లండి.

మూడో రోజు మళ్లీ బృందంతో కలిసి నజరేతు వెళ్లాను. 1962లో కైసరయలో దొరికిన పాలరాతి ముక్కలపై, దేవాలయం కూలిన తర్వాత యాజక తరగతులు స్థిరపడిన ఊళ్ల జాబితా ఉంది. అందులో 18వ తరగతి ఊరు నజరేతు. బస్సు ఆ ఊళ్లోకి దిగుతుంటే పక్కసీటులోని పెద్దమ్మకు ఆ సంగతి చెప్పాను. ఆమె వెంటనే బైబిలు తెరిచి, చీట్ల వరుసను వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్లింది.